వెదురు గొట్టం వైద్యుడు సుగియామా వాయిచి



వార్షికోత్సవ సంచిక అనగానే అంబేడ్కర్, ఫూలే, జాషువా, భాగ్యరెడ్డి వర్మ గార్ల జీవితాలు గుర్తుకు వస్తాయి. అవి రావలసినవే, ఎన్నిసార్లు వచ్చినా చదవవలసినవే. అయితే ఈసారి మన దేశం కాని, మన కాలం కాని ఒక మనిషి గురించి రాస్తున్నాను. పేరు సుగియామా వాయిచి. జపాను దేశస్థుడు. 1610లో పుట్టి 1694లో కన్నుమూశారు. కళ్ళు లేవు. వృత్తి సూది వైద్యం, అంటే మనం ఇవాళ ఆక్యుపంక్చర్ అంటున్నది.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే రెండు కారణాలు. మన హాస్టళ్ళలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడేవాళ్ళకు కొదవలేదు. సాయంత్రం అయ్యేసరికి మోకాలు పట్టేసిందనో, పిక్క పీకుతోందనో, చీలమండ బెణికిందనో ఎవరో ఒకరు కుంటుకుంటూ వస్తారు. పెద్ద పెద్ద ఆటగాళ్ళు నడుంమీదా కాళ్ళమీదా సన్నటి సూదులు గుచ్చించుకుని బోర్లా పడుకున్న ఫొటోలు పేపర్లో చూసి, ఇదేం వైద్యం అన్నా అని అడిగే తమ్ముళ్ళూ ఉన్నారు. ఆ సూదులు ఇవాళ అంత సులువుగా చర్మంలోకి దిగే పద్ధతిని నిలబెట్టినది ఈయనే. ఇది ఒక కారణం. రెండోది ఆయన పెట్టిన బడి. దాని సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

వాయిచి తండ్రి త్సు పట్టణంలో తోదో అనే ప్రభువుల కొలువులో ఉన్న సమురాయి, అంటే యోధుల తెగకు చెందినవాడు. కొడుకు పెద్దవాడైతే తండ్రి కొలువు, కత్తి, జీతపు బియ్యం అన్నీ అతనికే దక్కాలి. కాని చిన్నతనంలోనే జబ్బు చేసి పిల్లవాడికి చూపు పోయింది. చూపులేనివాడు కత్తి పట్టలేడు కనుక ఇంటి వారసత్వం అతని చేయి దాటిపోయింది. ఒక్క జబ్బుతో చూపూ పోయింది, పుట్టుకతో వచ్చిన హోదా కూడా పోయింది.

ఆ రోజుల్లో జపానులో చూపులేనివారికి తోదో-జా అని ఒక సంఘం ఉండేది. (పేరు కలిసింది గాని, ఇందాక చెప్పిన ప్రభువులతో దీనికి సంబంధం లేదు.) బివా అనే తంతి వాద్యం మీద వీరగాథలు పాడటం, సంగీతం నేర్పడం, ఒళ్ళు పట్టడం, సూది వైద్యం, వాళ్ళకు మిగిలిన బతుకుతెరువులు ఇవే. ఆ సంఘంలో కింది మెట్టు నుంచి పై మెట్టుదాకా ఎన్నో హోదాలు ఉండేవి. అన్నిటికన్నా పైది కెంగ్యో. ఆ హోదాలు విద్యతో పాటు డబ్బుతో కూడా వచ్చేవి. ఆ డబ్బు కోసం అధిక వడ్డీలకు అప్పులిచ్చి జనాన్ని పీడించిన కెంగ్యోలు కూడా ఉన్నారని చరిత్ర చెబుతోంది. కాబట్టి అదేదో ధర్మసత్రం అనుకోకండి. అయినా, ఆ కాలంలో చూపులేని మనిషి చేయి చాపకుండా బతకడానికి ఒక నీడ అంటూ ఉండేది. వాయిచి, తకుయిచి లాంటి పేర్ల చివర ఉన్న ఇచి అనే ముక్క ఆ సంఘంలో చేరినవారు పెట్టుకునేది. జపాను సినిమాలు చూసేవారికి జటోయిచి అనే చూపులేని కత్తివీరుడు తెలిసే ఉంటాడు. ఆ పేరులో ఉన్నదీ అదే ముక్క.

వాయిచి యవ్వనంలో అడుగుపెట్టే వయసులో ఎడో నగరం చేరారు. ఎడో అంటే నేటి టోక్యో. అక్కడ యమాసె తకుయిచి అనే అంధ సూది వైద్యుని దగ్గర శిష్యుడిగా కుదిరారు. గురువు ఇంట్లోనే ఉండి, చాకిరీ చేస్తూ విద్య నేర్చుకోవాలి. ఇక్కడే ఆయనకు కష్టకాలం మొదలైంది. చెప్పింది గుర్తుండదు, చేతికి ఒడుపు రాదు. ఎన్నేళ్ళు గడిచినా సూది సరిగ్గా దించలేకపోయారు. చివరికి గురువు విసిగిపోయి వెళ్ళిపొమ్మన్నాడు.

ఈ చేత కాకపోవడం వెనక ఉన్న చిక్కు ఏమిటో కొంచెం చూద్దాం. అప్పటిదాకా చైనా నుంచి వచ్చిన పద్ధతి ఏమిటంటే, సూదిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ చర్మంలోకి దించడం. ఇంకో పద్ధతిలో చిన్న సుత్తితో సూది తలమీద తట్టి దించేవారు. దీనికి సూది కాస్త లావుగా, గట్టిగా ఉండాలి. సన్నటి సూది అయితే చర్మం దగ్గరే వంగిపోతుంది. చూపున్నవాడు వంగుతున్నదని చూసి సర్దుకుంటాడు. చూపులేనివాడు వేలితో తడిమి నొప్పి ఉన్న చోటు కనుక్కుంటాడు, అంతవరకు బాగానే ఉంటుంది. సూది పెట్టడానికి ఆ వేలు తీశాడా, చోటు తప్పిపోతుంది. మళ్ళీ తడుముకోవాలి. రోగికి నొప్పి, వైద్యుడికి చెమటలు. వాయిచికి బుద్ధి తక్కువై రాలేదని నేను అనుకోను. చూపున్నవాళ్ళ చేతికి తగినట్టు తయారైన పనిముట్టును చూపులేని కుర్రవాడి చేతికి ఇస్తే జరిగేదే జరిగింది.

గురువు పంపేశాక ఆయన ఎనోషిమా అనే చిన్న ద్వీపానికి వెళ్ళారు. టోక్యోకు నైరుతి దిక్కున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డుకు ఆనుకుని ఉంటుంది. అక్కడ బెంజైతెన్ అనే దేవత గుడి ఉంది. ఈ బెంజైతెన్ మరెవరో కాదు, మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాను చేరి, చేతిలో వీణకు బదులు బివా పట్టుకుని అక్కడే స్థిరపడింది. చదువుకు, సంగీతానికి ఆమే దేవత కాబట్టి అంధ కళాకారులు ఆమెను ఎక్కువగా కొలిచేవారు. వాయిచి అక్కడి గుహలో అన్నం నీళ్ళు మాని దీక్షలో కూర్చున్నారట. దీక్ష ముగించుకుని వస్తూ దారిలో ఒక రాతికి తట్టుకుని పడ్డారు. పడినప్పుడు చేతికి ఏదో గుచ్చుకుంది. తడిమి చూస్తే, గొట్టంలా చుట్టుకున్న ఆకులో పైన్ చెట్టు సూది ఆకు. మరికొందరు వెదురు గొట్టం ముక్క అంటారు. ఆ రాయిని ఇప్పటికీ ఎనోషిమాలో శుభశిల అనే అర్థం వచ్చే పేరుతో చూపిస్తారు.

ఇది గుడి చెప్పే కథ. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. నాకైతే ఏళ్ళ తరబడి ఒకే చిక్కుతో కుస్తీ పట్టిన చేతికే ఆ గొట్టం విలువ తెలిసిందనిపిస్తుంది. ఆ రాతికి తట్టుకుని పడ్డవారు అంతకుముందు ఎంతమంది లేరు!

గొట్టం పద్ధతి ఇలా ఉంటుంది. సూది కన్నా కొద్దిగా పొట్టిగా ఉండే సన్నటి గొట్టం తీసుకుంటారు. అందులో సూది వేస్తే దాని తల కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పైకి కనిపిస్తుంది. తడిమి కనుక్కున్న చోట ఎడమచేతి వేళ్ళతో గొట్టాన్ని చర్మానికి ఆనించి నిలబెడతారు. కుడిచేతి చూపుడువేలితో సూది తలమీద మెల్లగా తడతారు. అంతే, మొన చర్మం దాటిపోతుంది. తర్వాత గొట్టం తీసేసి కావలసినంత లోతుకు దించుతారు. గొట్టం ఉన్నంతసేపు చోటు తప్పదు. చుట్టూ గోడ ఉంది కనుక సూది వంగదు. వంగదు కనుక ఎంత సన్నటి సూదైనా వాడవచ్చు. గొట్టం అంచు చుట్టుపక్కల చర్మాన్ని నొక్కి ఉంచడం వల్ల గుచ్చిన నొప్పి కూడా పెద్దగా తెలియదు. చూపులేనివాడి కోసం పుట్టిన ఉపాయం చూపున్న వైద్యులకూ మేలు చేసింది. నేడు జపానులో వాడే సూదుల్లో ఎక్కువ భాగం 0.16 నుంచి 0.20 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. మామూలు ఇంజెక్షన్ సూది మందంలో మూడో వంతు కూడా ఉండవు. ఒక్కసారి వాడి పారేసే సూదులు ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టంతో సహా ప్యాకెట్లో వస్తున్నాయి. మన దేశంలో ఆక్యుపంక్చర్ చేసేవారిలో కూడా చాలామంది వాటినే వాడుతున్నారు.

కథలోకి వద్దాం. ఎనోషిమా నుంచి ఆయన క్యోటో వెళ్ళి ఇరియె వంశపు సూది వైద్యుల దగ్గర మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఒకచోట పనికిరాడని పంపేసిన మనిషి ఇంకోచోట గడప ఎక్కి మళ్ళీ అక్షరాభ్యాసం చేసుకోవడం ఎంత కష్టమో, సప్లిమెంటరీ రాసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. విద్య పూర్తిచేసుకుని ఎడో తిరిగి వచ్చి వైద్యం మొదలుపెట్టారు. క్రమంగా పేరు వచ్చింది. కెంగ్యో హోదా అందేసరికి ఆయనకు అరవై ఏళ్ళు వచ్చాయి.

సూదితో పాటు ఆ వైద్యంలో నిప్పు కూడా ఉంది. మాచిపత్రి తెలుసు కదా, వినాయక చవితి నాడు పూజించే ఇరవై ఒక్క పత్రిలో మొదటిది. ఆ జాతి మొక్క ఆకుల్నే ఎండబెట్టి, దంచి, జల్లించి దూదిలాంటి నూగు తీస్తారు. జపాను భాషలో దాన్ని మొగుసా అంటారు. ఐరోపావాళ్ళ నోట అది మోక్సా అయింది. బియ్యపు గింజంత నూగు ఉండ చర్మం మీద పెట్టి అగరుబత్తితో అంటిస్తారు. మన పల్లెల్లో పసికందులకు కడుపు మీద వాతలు పెట్టే దురాచారం ఉండేది. అలాంటిదే అనుకోవద్దు. అక్కడ ఇనుమును ఎర్రగా కాల్చి పెడతారు. ఇక్కడ అది కాసేపు కాగి ఆరిపోతుంది. చర్మానికి తగలకుండా పైనుంచి కాపడం పెట్టినట్టు వేడి చూపే పద్ధతులూ ఉన్నాయి. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో, కాలి బయటివైపున సాన్రి అనే చోటు ఉంది. దూరం నడిచేవాళ్ళు కాళ్ళు బలంగా ఉండాలని అక్కడ మోక్సా పెట్టించుకునేవారు. జపాను మహాకవి మత్సువో బషో 1689లో ఉత్తరాది కాలినడక యాత్రకు బయలుదేరే ముందు ఇదే చేశారు. బషో అప్పట్లో ఎడోలోనే ఉండేవారు. వాయిచి, బషో ఇద్దరూ ఒకే ఏడాది, 1694లో, చనిపోయారు.

1680లో త్సునయోషి జపాను షోగున్ అయ్యాడు. షోగున్ అంటే చక్రవర్తి పేరు మీద దేశాన్ని నిజంగా ఏలేవాడు. కుక్కల్ని హింసిస్తే కఠిన శిక్షలు వేసి, కుక్కల షోగున్ అని పేరు తెచ్చుకున్నవాడు ఈయనే. ఆయనకు వైద్యం చేసే అవకాశం వాయిచికి దక్కింది, జబ్బు తగ్గింది, ఆదరణ దొరికింది. డెబ్బై దాటిన వయసు. కావాలంటే ఆ ఆదరణను భూములుగా, బంగారంగా మార్చుకుని హాయిగా ఉండవచ్చు. ఆయన మాత్రం షోగున్ అండతో 1682లో ఎడోలో సూది వైద్యం నేర్పే బడి తెరిచారు. చూపులేని పిల్లలకు, యువకులకు ఒక క్రమం ప్రకారం ఒళ్ళు పట్టడం, సూది వేయడం నేర్పే బడి అది.

మిత్రులారా, ఆ తేదీని ఇంకో రెండు తేదీల పక్కన పెట్టి చూడండి. ఐరోపాలో అంధుల విద్యకు నాంది అని చెప్పుకునే వాలెంతిన్ హయూయి బడి పారిస్‌లో మొదలైంది 1784 ప్రాంతంలో. మన దేశంలో మొదటి అంధుల పాఠశాల అమృత్‌సర్‌లో 1887లో వచ్చింది. వాయిచి బడి పారిస్ బడికన్నా నూరేళ్ళు ముందుది.

ఈ బడి సంగతి మనకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. అంతకుముందు విద్య గురువు ఇంట్లో ఉండేది. గురువుకు నచ్చితే నేర్పేవాడు, నచ్చకపోతే గెంటేవాడు. ఆ గెంటుడు వాయిచి స్వయంగా అనుభవించారు. ఆయన పెట్టినది గురువు దయమీద కాకుండా పాఠం మీద నడిచే చోటు. నేర్పవలసిన దాన్ని మూడు పుస్తకాలుగా కూర్చారు. వాటిని సుగియామా సంప్రదాయపు మూడు గ్రంథాలని నేటికీ పిలుస్తారు. గొట్టంతో చేసే పద్ధతులే 14 రకాలు ఏర్పడ్డాయి. చదవలేని విద్యార్థులు విని కంఠతా పట్టాలి, చేతితో పట్టి చూసి నేర్చుకోవాలి. చేతికి ఒడుపు రాని కుర్రవాడు కూడా నేర్చుకోగలిగేలా పని ముక్కలుగా విడగొట్టి ఉండేది. మందబుద్ధి అనిపించుకున్నవాడే పాఠ్యప్రణాళిక రాస్తే అలా కాక ఎలా ఉంటుంది!

అదే కాలంలో డచ్చి కంపెనీ వైద్యులు జపాను వచ్చి ఈ సూదుల్ని, మోక్సాను చూసి పుస్తకాలు రాశారు. మన మచిలీపట్నంలో వర్తకశాల పెట్టుకుని కలంకారీ బట్టలు ఎగుమతి చేసిన కంపెనీ అదే. విల్లెం తెన్ రైన్ 1683లో అచ్చువేసిన పుస్తకంతో ఆక్యుపంక్చర్ అనే మాట ఐరోపాకు పరిచయమైంది. ఎంగెల్‌బెర్ట్ కెంఫర్ అనే మరో వైద్యుడు 1691, 1692లలో ఎడో వచ్చి త్సునయోషి కొలువును దర్శించాడు. అప్పటికి వాయిచి ఆ నగరంలోనే ఉన్నారు.

1692లో ఆయన్ని అంధుల సంఘానికి పెద్దగా నియమించారు. అప్పుడు జరిగిందని చెప్పుకునే ముచ్చట ఒకటి జపానులో అందరికీ తెలుసు. ఏం కావాలో కోరుకోమని షోగున్ అడిగాడట. ఒక్క కన్ను చాలునన్నారట ఈయన. షోగున్‌కు నోట మాట రాలేదు. ఎడోలో హోంజో అనే పేట ఉంది. అందులో ఒక వీధికి హితోత్సుమె అని పేరు. మొదటిది అని దానికి అర్థం, ఒక్క కన్ను అని కూడా అర్థం వస్తుంది. 1693లో షోగున్ ఆ వీధిలోనే పెద్ద స్థలం ఇచ్చి, బెంజైతెన్ గుడి కట్టించాడు. ముసలితనంలో కూడా వాయిచి నెలనెలా ఎనోషిమాకు నడిచి వెళ్ళేవారని, ఆ శ్రమ తప్పించడానికే గుడిని ఆయన ముంగిట్లోకి తెచ్చాడని అంటారు.

ఎనోషిమా దారిని మాత్రం ఆయన మరువలేదు. ఆ దారి పొడుగునా యాత్రికుల కోసం రాతి గుర్తులు నాటించారు. మొత్తం 48 అని చెబుతారు. వాటిలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. చూపులేని బాటసారి వేలితో తడిమి చదువుకునేలా అక్షరాలు లోతుగా చెక్కించారట.

1694లో వాయిచి కన్నుమూశారు. ఆ తర్వాత శిష్యుడు మిషిమా యసుయిచి ఆ బడుల్ని దేశమంతటా వ్యాపింపజేశాడు. మొత్తం 45 చోట్ల పెట్టాడని అంటారు. దాంతో జపానులో చూపులేనివారికి సూది వైద్యం, ఒళ్ళు పట్టడం గౌరవమైన వృత్తులుగా పాతుకుపోయాయి. అందరికీ అవి అబ్బాయనీ కాదు. హనావా హొకియిచి అనే అంధుడు తర్వాతి శతాబ్దంలో ఎడో వచ్చి ఈ విద్యలో చతికిలపడ్డాడు. అదృష్టవశాత్తు గురువు మంచివాడు. చదువు వైపు పంపాడు. ఆ హొకియిచి మహాపండితుడై ప్రాచీన గ్రంథాల్ని వందల సంఖ్యలో సంకలనం చేసి అచ్చువేయించాడు.

1871లో మెయిజీ ప్రభుత్వం పాత వ్యవస్థల్ని రద్దు చేస్తూ అంధుల సంఘాన్ని కూడా రద్దు చేసింది. సంఘం పోవడంతో వేలమందికి నీడ పోయింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947లో, అమెరికా సైనిక పాలనాధికారులు ఈ సూది వైద్యం శుభ్రతలేనిది, శాస్త్రీయం కాదు, ఆపేయమన్నారు. అంధ వైద్యులు ఊరుకోలేదు. ఉద్యమించారు. చివరికి అదే ఏడాది చట్టం వచ్చి, చదివి పరీక్ష పాసైనవారికి లైసెన్సు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు కూడా జపాను అంధుల పాఠశాలల్లో ఈ కోర్సు ఉంది. త్సుకుబా సాంకేతిక విశ్వవిద్యాలయంలో చూపు లోపం ఉన్నవారు దీన్ని డిగ్రీ స్థాయిలో చదువుతున్నారు.

మన దేశానికి ఆక్యుపంక్చర్ వచ్చింది జపాను నుంచి కాదు, చైనా నుంచి. 1938లో కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్ళీ వెళ్ళి నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది.

ఇంతకీ సూదితో నొప్పి తగ్గుతుందా అని ఆటగాళ్ళు అడగవచ్చు. నిజం నిజంగానే చెప్పాలి. 2012లో సుమారు 18 వేలమంది రోగుల వివరాలు కలిపి పరిశీలించారు. ఎన్నాళ్ళుగానో ఉన్న నడుం, మెడ, భుజం, మోకాలి నొప్పుల్లో కొంత ఉపశమనం కనిపించింది. అయితే ఉత్తుత్తి సూదులు వేసినవారికీ చాలావరకు అలాగే తగ్గింది. అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య తేడా ఉంది గాని, అది చిన్నదే. తెగిన లిగమెంటును, విరిగిన ఎముకను సూది అతికించలేదు. మోకాలు వాచి కాలు మోపలేకపోతే ముందు డాక్టరు దగ్గరికి, ఎక్స్‌రేకి వెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యం, తమ్ముళ్ళారా, ఇది చదివి గదిలో గుండుసూదులతో ప్రయోగాలు చేయకండి. శుభ్రం చేయని సూదితో రోగాలు అంటుకుంటాయి. ఛాతీమీద, వీపుమీద తెలియనివాడు లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. జపానులో దీనికి కనీసం మూడేళ్ళు చదివి ప్రభుత్వ పరీక్ష రాయాలి.

వాయిచికి షోగున్ ఇచ్చిన స్థలం ఇవాళ టోక్యోలో సుమిదా వార్డులోకి వస్తుంది. అక్కడి గుడిని ఎజిమా సుగియామా గుడి అంటారు. ఆ ప్రాంతం పేరు ర్యోగోకు, జపాను సుమో కుస్తీకి పుట్టినిల్లు లాంటిది. దగ్గరలోని ఎకోయిన్ ఆలయంలో 1833 నుంచి సుమో పోటీలు క్రమం తప్పకుండా జరిగాయి. 1909లో పక్కనే కొకుగికాన్ అనే సుమో స్టేడియం కట్టారు. నూట యాభై కిలోల బరువుతో ఢీకొని మోకాళ్ళు, నడుములు అరగదీసుకునే మల్లులు ఆ వీధుల్లోనే తిరుగుతుంటారు. గొట్టంలో సూది పెట్టి తట్టే పద్ధతికి ఊరు పేరు తెచ్చిన మనిషి ఇల్లు వాళ్ళ పొరుగునే ఉంది. గుడి ఆవరణలో ఒక చిన్న గుహలో ఆయన విగ్రహం ఉంది. బయట ఆయన్ని స్మరిస్తూ నిలబెట్టిన రాతి ఫలకం ఉంది. దాని మీద రాసినది బ్రెయిల్ లిపిలో ఉంది.